అరచేతంత వాకిలి

"అమ్మా, కాళ్ళు కడుక్కుంటుంటే నోట్లో సబ్బు రుచి వస్తోంది" అంది ఆమని.

బడి నుంచి వచ్చి, పెరట్లో కుళాయి దగ్గర పాదాలు రుద్దుకుంటూ, ఏదో వింత కనిపెట్టినట్టు నవ్వుతూ చెప్పింది. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న హైమవతి గబగబా పెరట్లోకి దిగింది. పిల్లను ఎత్తుకుని లోపలికి తెచ్చింది. పొడి తువ్వాలుతో పాదాలు ఒత్తి తుడిచి, చేతుల మీద సబ్బు పడితే ఏమవుతోందని అడిగింది. చేతులకైతే ఎప్పటినుంచో అలాగే వస్తోందని, అందరికీ అంతే అనుకున్నానని ఆమని చెప్పింది.

హైమవతి విశాఖపట్నంలో ఒక మందుల పరిశోధనాలయంలో పనిచేస్తుంది. చర్మం ఆమె చదువు, ఆమె వృత్తి. మనిషి ఒంటి పైపొర పలుచటి కాగితమంత కూడా ఉండదు. అయినా దానిని దాటి లోపలికి వెళ్ళగలిగే మందులు చాలా తక్కువ. కొవ్వులో కరిగే చిన్న చిన్న అణువులు ఎలాగో దూరతాయి. మాంసకృత్తుల వంటి పెద్దవాటిని చర్మం గుండా పంపాలనుకోవడం చీమల పుట్టలోకి ఏనుగును తోయడమే. పైపొరలోని కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సున్నంలా కొవ్వు ఉంటుంది. హైమవతి తయారుచేసిన లేపనం ఆ కణాలకు కాసేపు పక్కకు జరగడం నేర్పేది. పని అయ్యాక అవి మళ్ళీ దగ్గరకు చేరేవి. దానికి ప్రయోగశాలలో అందరూ పెట్టుకున్న పేరు వాకిలి.

వాకిలి తెరుచుకుందో లేదో చూడడానికి ఆమెకో మోటు పద్ధతి ఉండేది. లేపనం రాసిన తన ముంజేతి మీద వెల్లుల్లి రెబ్బ చిదిమి రుద్దుకునేది. ఊపిరి తీసి వదిలేలోపు నోట్లో వెల్లుల్లి రుచి తగిలితే తెరుచుకున్నట్టు. కొంతసేపు ఆగి మళ్ళీ రుద్దితే ఆ రుచి వచ్చేది కాదు. మూసుకున్నట్టు.

ఈ పని ఆమె పేరు కోసం మొదలుపెట్టలేదు. ఆమని ఒంట్లో ఒక ఎంజైమ్ తయారుకాదు. అది లేకపోతే కండరాల్లో చెత్త పేరుకుని అవి నీరసిస్తూ పోతాయి. చివరికి ఊపిరి తీసే కండరాలూ ఆగిపోతాయి. ఆ ఎంజైమును వారం వారం నరంలోకి ఎక్కించాలి. పాలు తాగే వయసు నుంచి సూదులు గుచ్చీ గుచ్చీ పిల్ల నరాలన్నీ గట్టిపడి, ఒకదాని తర్వాత ఒకటి మూసుకుపోయాయి. ఛాతీ దగ్గర చర్మం కింద గొట్టం అమర్చారు. అది చీము పట్టింది. మళ్ళీ అమర్చారు. ఈసారి ఆ చీము రక్తంలో కలిసి, పిల్ల చచ్చి బతికింది. ఇక గొట్టం పెట్టేది లేదని డాక్టర్లు చెప్పేశారు. మందు సీసా ఫ్రిజ్‌లోనే ఉంది. దాన్ని లోపలికి పంపే దారి మాత్రం లేదు.

వాకిలిని మనుషుల మీద వాడేందుకు అనుమతి రావాలంటే ఏళ్ళు పడుతుంది. గిన్నెల్లో బతికించి ఉంచిన పంది చర్మం ముక్కల మీద బాగా పనిచేసింది. తన చేతి మీదా పనిచేసింది. ఆమని మెట్లు ఎక్కలేక గోడ పట్టుకుని కూలబడిన సాయంత్రం హైమవతి లేపనం డబ్బా ఒకటి ఇంటికి తెచ్చింది.

భర్త పైడిరాజు ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. ఆమె చెప్పిందంతా విని, పందికీ నీకూ పనిచేసింది సరే, దీనికి చేయకపోతే ఎలా అని అడిగాడు. చేయకపోతే ఇప్పుడున్నట్టే ఉంటుంది కదా అంది హైమవతి. ఆ మాట తర్వాత ఆమెను చాలాకాలం కాల్చింది.

వాకిలి పనిచేసింది. మోచేతి కింద లేపనం రాసి, కడిగి, మందులో తడిపిన దూది పట్టీ వేస్తే చాలు. పిల్ల ఏడవనక్కరలేదు, ఎవరూ దాని చేతులు పట్టుకుని అదమనక్కరలేదు. పట్టీతో కూర్చుని బొమ్మలు వేసుకునేది. కొన్నాళ్ళకు మెట్లెక్కింది, బడికి వెళ్ళింది, భీమిలి ఇసుకలో పరిగెత్తింది. పైడిరాజు తల్లి వరహాలమ్మ ఏ మందో ఏమో గాని దేవుడు కళ్ళు తెరిచాడని అందరితో చెప్పుకునేది. అది అనుమతి లేని మందని, దాన్ని తయారుచేసింది కోడలేనని ఆవిడకు చెప్పలేదు. ఆవిడకు తెలిస్తే వీధంతా తెలుస్తుందని వాళ్ళ భయం.

సబ్బు రుచి మాట విన్న ఆ సాయంత్రం హైమవతి తలుపులు వేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ప్రయోగశాల నుంచి తెచ్చిన నీలం దీపం వెలిగించింది. చర్మం తెరుచుకున్న చోట వెలిగే రంగు నీళ్ళు చుక్క చుక్కగా ఆమని ఒంటి మీద వేసి చూసింది. లేపనం రాసిన చోటు వెలిగింది. మోచెయ్యి వెలిగింది, భుజం వెలిగింది. వీపు, పొట్ట, తొడలు, పాదాలు కూడా వెలిగాయి. ముఖమూ మెడా మాత్రమే చీకటిగా మిగిలాయి. మిణుగురుపురుగులా ఉన్నానని ఆమని సంబరపడింది. పైడిరాజు గోడకు ఆనుకుని నిలబడి, ఇదంతా ఏమిటని కళ్ళతోనే అడిగాడు.

"మూసుకోవడం లేదు. పక్కవాటికి కూడా నేర్పేస్తోంది" అంది హైమవతి.

మర్నాడు పొద్దున్నే ఆమె ప్రయోగశాలకు పరుగెత్తింది. బయలుదేరే ముందు అత్తగారితో, ఆమనికి సబ్బు వాడొద్దని, స్నానం చేయించొద్దని చెప్పింది. ఎందుకని ఆవిడ అడిగితే, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేలా ఉందని అబద్ధం చెప్పింది.

పాత ముక్కలన్నీ తీసి చూస్తే కారణం కనిపించింది. మరిచిపోయి గిన్నెలో చాలాకాలం వదిలేసిన పంది చర్మంలో, తెరుచుకున్న ముక్క తన పక్కన ఉన్న అదే పంది మామూలు ముక్కను కూడా తెరిచేసింది. ఒక్కసారి తెరిస్తే మూసుకుంటుంది. మళ్ళీ మళ్ళీ తెరిస్తే మూసుకోవడం మరిచిపోతుంది. ఆ మరుపు అంటుకుంటుంది. ఇంకో గిన్నెలో మరొకటి కనిపించింది. లేపనం ఎన్నడూ తగలని వేరే పంది చర్మం పెద్ద ముక్కగా చుట్టూ ఉన్నచోట, తెరుచుకున్న చర్మం దానివైపు నుంచి నెమ్మదిగా మూసుకుంటూ వచ్చింది. ఆమె దానిని చూస్తూ ఉండగానే ఫోను మోగింది.

ఆమనికి పొద్దుటి నుంచి దగ్గు. వరహాలమ్మ తనకు తెలిసిన వైద్యమే చేసింది. కొబ్బరినూనెలో కర్పూరం వేసి వెచ్చజేసి పిల్ల ఛాతీకి, వీపుకి మర్దనా చేసింది. కోడలు వద్దన్నది సబ్బును, నీళ్ళను. నూనె సంగతి చెప్పలేదు. మర్దనా పూర్తికాకముందే పిల్ల నోరు చేదని ఏడ్చింది. తర్వాత కళ్ళు తేలేసి కొట్టుకోసాగింది.

హైమవతి చేరేసరికి ఆసుపత్రిలో ఫిట్లు ఆగాయి. సూది వేయడానికని నర్సు పిల్ల చేతిని స్పిరిటు దూదితో తుడుస్తోంది. ఆమె గుమ్మంలోంచే వద్దని చెయ్యెత్తింది గాని, అప్పటికే ఆలస్యమైంది. ఆమని తల పక్కకు వాలిపోయింది. స్పిరిటు నేరుగా రక్తంలోకి వెళ్ళింది. ఊపిరి కోసం గొట్టం పెట్టాల్సి వచ్చింది.

కాలిన గాయాల విభాగం చూసే డాక్టర్ సలోమికి హైమవతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఏడవలేదు. అంతా విన్న సలోమి, ఈ పిల్లకు ఒంటి మీద చర్మం ఉన్నా లేనట్టే కదా అని మాత్రం అడిగింది. ఔనంది హైమవతి.

ఆ రోజు నుంచి ఆమని ఒంటికి ఏది తగిలినా అది లోపలికి వెళ్ళేదే. సబ్బుతో ఉతికిన దుప్పటి పనికిరాదు. మంచినీళ్ళతో తుడిస్తే అవి రక్తంలో చేరి దాన్ని పల్చన చేస్తాయి. పొడిగా వదిలేస్తే లోపలి నీరంతా బయటికి ఆవిరైపోతుంది. రక్తంలో ఉన్నంత ఉప్పు కలిపిన నీళ్ళలో మెత్తటి గుడ్డలు తడిపి పిల్లకు చుట్టి, ఆరకుండా మార్చుతూ ఉండాలి. హైమవతి, పైడిరాజు వంతులవారీగా ఆ పని చేశారు. వరహాలమ్మ వరండాలో నేల మీద కూర్చుని, తన రెండు అరచేతులూ చూసుకుంటూ ఉండేది. అత్తయ్యా, తప్పు నాది, మీకు చెప్పకపోవడం నా తప్పు అని హైమవతి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పింది. ముసలావిడ తల ఊపింది గాని చేతుల మీద నుంచి చూపు తిప్పుకోలేదు.

ఊపిరి గొట్టం తీసేశాక, హైమవతి ద్వారా అంతా తెలుసుకున్న పరిశోధనాలయం అధిపతి డాక్టర్ ఫణీంద్ర చూడడానికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. పిల్లంటే ఇష్టం కూడా. కానీ ఎక్కువసేపు ఆగలేక, ఇన్ని వారాల్లో పిల్ల రక్తంలో ఎంజైమ్ ఎంత చేరిందో ఆ వివరాలు తనకు కావాలని, ఒక మనిషి విషయంలో ఇలా జరిగినంత మాత్రాన ఇంత పనిని పారేసుకోకూడదని హైమవతికి మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. మాటల మధ్యలో ప్రేమగా, గుడ్డ జరిగి బయటపడ్డ ఆమని మోచేతి మీద చెయ్యి వేశాడు. పిల్ల ముఖం చిట్లించి, మామయ్య చేతికి సెంటు ఉంది, నోరంతా చేదు అంది. ఫణీంద్ర చెయ్యి వెనక్కి తీసుకుని దానికేసి చూసుకున్నాడు. తర్వాత వివరాల మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

రెండో గిన్నెలో చూసినదాన్ని హైమవతి అప్పటికే సలోమికి చెప్పింది. లేపనం ఎరగని మరొకరి చర్మం కావాలి. అది బతికి ఉండాలి, పెద్దదిగా ఉండాలి, రక్తసంబంధీకులదైతే మరికొన్నాళ్ళు నిలుస్తుంది. చనిపోయినవారి నుంచి తీసి దాచిన చర్మం పనికిరాదు, దానికి నేర్పే శక్తి ఉండదు. హైమవతి చర్మమా, వాకిలి ఎరిగినదే. వరహాలమ్మ ముందుకొచ్చి, నాది తీసుకోండమ్మా అని చీర చెంగు భుజం మీద నుంచి తొలగించింది. సలోమి ఆవిడ చేతిని వేళ్ళ మధ్య పట్టి చూసి, ఇది తీస్తే చినిగిపోతుందమ్మా అని మళ్ళీ చెంగు కప్పింది. ఇక మిగిలింది పైడిరాజు.

అతను ఎంత కావాలని అడగలేదు. పిల్లకు మళ్ళీ మందు ఎలా వెళ్తుందని అడిగాడు.

అక్కడే ముడి పడింది. ఒళ్ళంతా మూసేస్తే ఆమని నూనెకు, నీళ్ళకు చావదు. ఎంజైమ్ అందక చస్తుంది. ఇప్పటికే పట్టీ వేయడం ఆపేశారు. వేస్తే ఎంత లోపలికి వెళ్తుందో అదుపు లేదు. పిల్ల మెడ నిలపలేకపోతోంది. హైమవతి ఈ సంగతి రోజంతా మనసులో తిప్పుతూనే ఉంది. సమాధానం తెలుసు గాని, భర్త ముందు నోటితో అనలేకపోయింది. సలోమి ఆమెవైపు చూసి, తనే చెప్పింది. ఒక అరచేతంత చోటు తెరిచి ఉంచవచ్చు. కానీ దాని చుట్టూ కొత్త చర్మం కంచెలా లేకపోతే ఆ తెరుపు మళ్ళీ పాకుతుంది. తండ్రి చర్మం పిల్ల ఒంటి మీద కలకాలం నిలవదు, ఊడిపోతుంది. మిగిలిన చోట ఊడినా ఫరవాలేదు, మూసుకోవడం నేర్పాకే పోతుంది. కంచె మాత్రం ఊడినప్పుడల్లా కొత్తది వేయాలి.

"ఎన్నాళ్ళు?" అన్నాడు పైడిరాజు.

"మందు అవసరమున్నన్నాళ్ళు" అంది హైమవతి.

అంటే ఎన్నాళ్ళో అతనికి తెలుసు. ఆమని బతికినన్నాళ్ళు. అతను చొక్కా గుండీలు విప్పుతూ, "మొదట వీపు తీసుకోండి. చేతులు చివరికి ఉంచండి, క్రేన్ మీద పని ఉంటుంది" అన్నాడు.

వీపు నుంచి, తొడల నుంచి పలుచటి పొరలుగా తీసి ఆమనికి అంటించారు. మత్తు దిగాక పైడిరాజు పళ్ళు బిగించి బోర్లా పడుకున్నాడు. పక్క గదిలో ఆమని ఒంటి మీద తండ్రి చర్మం చామనచాయగా, అతుకులు అతుకులుగా కనిపించింది. హైమవతి నీలం దీపంతో రోజూ చూసేది. మొదట ఏమీ మారలేదు. తర్వాత ఛాతీ మీద వెలుతురు అంచు ఒక వేలెడు వెనక్కి తగ్గింది. ఆ రోజు ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి గడియ వేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నడుము, కాళ్ళు, పాదాలు వరసగా చీకటైపోయాయి. చివరికి కుడి భుజం వెనక అరచేతంత చోటు ఒక్కటే వెలుగుతూ మిగిలింది. దాని చుట్టూ తండ్రి చర్మం వడ్డాణంలా ఉంది. లేపనంతో ఇక పనిలేదు. ఆ వాకిలి దానంతట అదే తెరిచి ఉంటుంది. దాని మీద పట్టీ వేస్తే ఎంజైమ్ వెళ్ళింది. ఆమని మెడ నిలిపింది.

హైమవతి తను చేసినదంతా రాసి ఇచ్చి ఉద్యోగం వదిలేసింది. ఆమె మీద విచారణ నడుస్తోంది. పరిశోధనాలయం వాకిలి పనిని మూసేసి, ఉన్న లేపనాన్ని కాల్చేసింది. ఆమె ఇంటి ఫ్రిజ్‌లో అడుగున ఉన్న డబ్బా ఒక్కటే మిగిలింది. పారేద్దామని చాలాసార్లు తీసింది. తీసిన ప్రతిసారీ మళ్ళీ లోపల పెట్టేసింది.

కంచె మార్చే రోజులు వచ్చిపోతూ ఉన్నాయి. పైడిరాజు వీపు మీద తీసిన చోటే మళ్ళీ తీయాల్సి వస్తోంది. ప్రతిసారీ మానడానికి ఇంకొంచెం ఎక్కువకాలం పడుతోంది. కుర్చీకి ఆనుకోలేక క్రేన్ ఎక్కడం మానేశాడు. రేవులో కింద నిలబడి చేసే పని ఇచ్చారు. ఈ మధ్య ఒకసారి ఆసుపత్రికి బయలుదేరే వేళకు ఆమని కనిపించలేదు. మంచం కింద గోడవైపు ముడుచుకుని ఉంది. నాకు వద్దు, మూసెయ్యమను అంది. పైడిరాజు వంగలేక వంగి, నేల మీద పక్కకు ఒరిగి పడుకుని దాని ముఖంలోకి చూశాడు.

"మూసేస్తే నువ్వుండవు తల్లీ."

"నీకు నొప్పి కదా నాన్నా."

"ఉంటాది. నువ్వు లేకపోతే ఉండేదానికంటే తక్కువే."

చాలాసేపటికి ఆమని బయటికి వచ్చింది. కానీ ఆసుపత్రి దారి పొడుగునా తండ్రి ముఖం వైపు చూడలేదు.

వేసవి ముగుస్తుండగా ఒక మధ్యాహ్నం వాళ్ళ గుమ్మం ముందు ఒకావిడ నిలబడి ఉంది. టెక్కలి అవతల పల్లె నుంచి వచ్చానని, పేరు నూకరత్నమని చెప్పింది. చంకలో నాలుగేళ్ళ కొడుకు. ఆ పిల్లవాడి తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. హైమవతికి వేరే ఏమీ చెప్పనక్కరలేకపోయింది. ఆసుపత్రిలో ఎవరో చెబితే విని, అడ్రసు పట్టుకుని వచ్చానంది నూకరత్నం. వాడికి ఛాతీలో పెట్టిన గొట్టం కూడా చెడిపోయిందని, ఇక తామేమీ చేయలేమని డాక్టర్లు చెప్పారంది.

హైమవతి ఆవిడను లోపల కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పింది. ఏదీ దాచలేదు. సబ్బు, కర్పూరం, స్పిరిటు, తడిగుడ్డలు, కంచె అన్నీ చెప్పింది. నూకరత్నం మధ్యలో ఒక్క మాట అడగలేదు. విని నమ్మలేదేమోనని హైమవతికి భయం వేసింది. భర్తను పిలిచింది. పైడిరాజు విషయం తెలుసుకుని వెనక్కి తిరిగి చొక్కా పైకెత్తాడు.

ఎర్రగా, మెరుస్తూ, గళ్ళు గళ్ళుగా ఉన్న ఆ వీపును నూకరత్నం ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. కళ్ళు తిప్పుకోలేదు. కొడుకును ఒడిలో సర్దుకుంది.

"నాకూ ఒళ్ళుంది గదమ్మా" అంది.

ఆవిడకు చెప్పవలసిన మాటలన్నీ హైమవతికి తెలుసు. ఇది నేరమని, మళ్ళీ చేయనని, డబ్బా పారేశానని చెప్పాలి. ఆమె లేచి చేతులు కడుక్కుని వచ్చి పిల్లవాడి ముందు నేల మీద కూర్చుంది. రెండు చేతులూ, మోచేతి మడతలూ, మణికట్లూ, పాదాల పైభాగాలూ ఒక్కొక్కటే తడిమింది. అన్నీ తాళ్ళలా గట్టిపడ్డాయి. చెవి వెనక, నెత్తి మీద వెతికింది. పైడిరాజు చొక్కా దించుకుని, కిటికీ తెరిచి వెలుతురు పడేలా పక్కకు జరిగాడు. చివరికి ఎడమ కణత పైన, జుట్టు మొదట్లో, వెంట్రుకంత నీలిగీత ఆమె వేలికి మెత్తగా తగిలింది. నొక్కి వదిలింది. మళ్ళీ నిండింది.

"ఇక్కడ ఒక నరం ఉంది. డాక్టర్ సలోమికి ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఆవిడ దీంట్లోంచి ఎక్కిస్తారు. ఇది ఉన్నంతకాలం నా దగ్గరికి రావొద్దు" అంది హైమవతి.

నూకరత్నం ఆ చోట తనూ వేలు పెట్టి చూసుకుంది. ఆ గీత ఎంత సన్ననిదో ఆవిడకూ తెలిసింది.

"ఇదీ పోతేనమ్మా?"

హైమవతి భర్త వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు, ఆ పిల్లవాడి వైపే చూస్తున్నాడు. వాడు తల నిలపలేక తల్లి మోచేతి మీద వాల్చి, కిటికీ వెలుతురుకు కళ్ళు చికిలిస్తున్నాడు.

"అప్పుడు రండి" అంది హైమవతి.